పండుగప్పతో ఒక ఉదయం

జంషెడ్‌పూర్ అంచున, సోనారి వద్ద, ఖర్కాయి నది వచ్చి సువర్ణరేఖలో కలుస్తుంది. ఆ సంగమాన్ని అక్కడివారు దోముహానీ అంటారు. ఉక్కు కర్మాగారంలో ఉద్యోగ విరమణ చేసిన మా మామయ్య సాయంకాలాలు ఆ ఒడ్డునే గడుపుతారు. ఆయన గాలానికి వానపాము ఉండదు. కోడి ఈకలూ రంగు దారమూ చుట్టి తానే కట్టుకున్న బొమ్మపురుగు ఉంటుంది.

మామూలు గాలంలో బరువు ఎరదో, సీసపు గుండుదో. ఈ పద్ధతిలో బరువంతా దారానిదే. కొరడా ఝళిపించినట్లు దారాన్ని వెనుకకూ ముందుకూ ఆడించి విసిరితే, దాని వెంట ఈక ఎగిరిపోయి నీటిమీద మెత్తగా వాలుతుంది.

“ఇదంతా సాధన మాత్రమే అల్లుడూ! అసలు పరీక్ష మన మడ కాలవల్లో” అన్నారాయన నవ్వుతూ.

సాక్చి గ్రామాన్ని ఆశ్రయించి పెరిగిన ఈ ఉక్కునగరానికి జంషెడ్‌పూర్ అనే పేరు 1919లో వచ్చింది. బ్రతుకుతెరువు వెదుక్కుంటూ ఇక్కడికి చేరిన తెలుగు కుటుంబాలు ఎన్నో. మామయ్యది తాళ్లరేవు ప్రాంతం. మరునాడు సాక్చి బజారులో ఆయన ఒక వెండిరంగు చేపను చూపించారు. బెంగాలీలు ఆవాలు నూరి, ఆకులో చుట్టి వండుకునే భెట్కీ అది. “చూశావా, మన పండుగప్పే!” అన్నారు. ఆస్ట్రేలియాలో దాన్నే బారముండీ అంటారు.

అమెరికాలో ఫ్లోరిడా మడ అడవుల్లో దీనిని పోలిన చేప ఒకటి ఉన్నది. పేరు స్నూక్. ఈక గాలం పట్టేవారికి అదంటే ప్రాణం. జర్మన్ శాస్త్రవేత్త బ్లాక్ పండుగప్పను 1790లోనూ, స్నూక్‌ను 1792లోనూ శాస్త్రలోకానికి పరిచయం చేశాడు. రెండు చేపలూ వేళ్ళ నీడన పొంచి వేటాడేవే. స్నూక్ వేటను వర్ణించిన ఒక పాత పుస్తకం చదివే మామయ్య ఈ విద్య నేర్చుకున్నారు.

కిందటి శీతకాలంలో ఇద్దరం టాటానగర్‌లో రైలెక్కి, సామర్లకోటలో దిగి, తాళ్లరేవు చేరాము. సమీపంలోని కోరింగ మడ అడవిని 1978లో అభయారణ్యంగా ప్రకటించారు. ఆ సరిహద్దుకు వెలుపల ఉన్న ఒక కాలవలోకి తెల్లవారుజామున నావ మీద వెళ్ళాము. బురదలోంచి మడచెట్ల ఊపిరివేళ్ళు మేకుల్లాగా పైకి పొడుచుకొని ఉన్నాయి.

“పాటు మొదలవనీ” అన్నారు మామయ్య. సముద్రం వెనుకకు తీసే వేళ, వేళ్ళ సందుల్లో దాగిన రొయ్యపిల్లలూ చిరుచేపలూ నీటితోపాటు కాలవలోకి జారక తప్పదు. పండుగప్ప ప్రవాహానికి ఎదురుగా నిలిచి వాటికోసం కాచుకొని ఉంటుంది.

ఈక వేళ్ళ అంచున వాలింది. రెండుసార్లు లాగారో లేదో, నీరు భళ్ళున పగిలింది! చేప గాలిలోకి లేచి తల విదిలించింది. దాని మొప్పల కప్పు అంచు కత్తివంటిది. అందుకే దారం కొసకు మందమైన నైలాన్ కట్టారు. వేళ్ళలోకి దూరిందా, ఇక దక్కదు. పావుగంట పెనుగులాట తరువాత అది పడవ ప్రక్కకు వచ్చింది. నా చేయంత పొడవున్నది.

మామయ్య దానిని నీటిలోనే పట్టుకొని, గాలం ఊడదీసి, తల ప్రవాహంవైపు త్రిప్పి నిలిపారు. కాసేపటికి అది తోక ఆడించి మాయమైంది. పడవ నడిపే కుర్రవాడు నోరు తెరిచాడు. “అయ్యో బాబుగారూ! ఇంటిల్లిపాదికీ పులుసు అయ్యేది కదండీ!”

“అది తల్లి రా” అన్నారు మామయ్య.

పండుగప్ప సాధారణంగా కొన్నేళ్ళు మగచేపగా జీవించి, ఎదిగిన తరువాత ఆడచేపగా మారుతుంది. స్నూక్‌దీ అదే తీరు. కనుక పెద్దచేపలు చాలావరకు గ్రుడ్లు పెట్టేవే. వాటినే ఏరి పట్టుకుంటే రేపటి చేప ఎక్కడిది? ఫ్లోరిడాలో స్నూక్ అమ్మకాన్ని 1957లోనే నిషేధించారు. పండుగప్ప నదీముఖాల ఉప్పునీటిలో పుడుతుంది. పిల్లలు మడనీటిలో పెరుగుతాయి. కొన్ని మంచినీటిలోకి ఎగబ్రాకి, పెద్దవై మళ్ళీ సముద్రంవైపు వస్తాయి. మడ నరికినా, నది దారి మూసినా ఆ ప్రయాణం ఆగుతుంది.

తిరిగి వచ్చాక ఒక సాయంకాలం దోముహానీలో కూర్చున్నాము. సువర్ణరేఖ గాలూడీ బ్యారేజీ దాటి, ఒడిశా తీరాన బంగాళాఖాతంలో కలుస్తుంది. నీళ్ళు పోయే దిక్కుకే చూస్తూ మామయ్య అడిగారు:

“ఆ తల్లి ఈపాటికి ఎక్కడుంటుందంటావు?”

నేను జవాబు చెప్పేలోపే ఆయన మరొక ఈక తీసి దారం చుట్టసాగారు.