ఖాళీ బరువు

నాలుగేళ్ళ కిందట యాకుత్‌పురా నుంచి మియాపూర్‌కి ఇల్లు మారాం. నాన్న పుస్తకాలు, ఇనుప బీరువా, అమ్మ వదలనన్న రుబ్బురోలు. టాటా ఏస్, అదే మన ఛోటా హాథీ, ఒక్క ట్రిప్పుకే బేరమాడాను. మోసే బరువు 750 కిలోలు. ఎక్సెల్‌లో లెక్కేస్తే సామాను 690. ఇంజినీర్ని కదా, ధైర్యంగా ఎక్కించాను.

డ్రైవర్ చక్రాలు చూసి, "కాంటా మీద పెడదాం సాబ్" అన్నాడు. ఆర్సీ ప్రకారం లోడుతో కలిపి 1,550 దాటకూడదు. కాంటా 1,760 చూపించింది.

నా లెక్కలో లేనివి: అతను, నేను, సామాను మీద కూర్చున్న హమాలీ, తర్వాత బిగించిన ఇనుప కటకటాలు, స్టెప్నీ, టార్పాలిన్.

డాలస్‌లో మా అన్నయ్యదీ ఇదే కథ. పికప్ ట్రక్కు మీద పెట్టుకునే పాప్-అప్ క్యాంపర్ కొన్నాడు, కప్పు పైకి లేపితే గదయ్యేది. బ్రోషర్‌లో వేసేది సాధారణంగా ఖాళీ బరువే. వంద లీటర్ల నీళ్ళు పోస్తే వంద కిలోలు. గ్యాసు, బ్యాటరీ, పరుపులు వేరే. ట్రక్కు తలుపు మీది స్టిక్కర్‌లో రాసిన పరిమితిలోంచి మనుషుల బరువూ పోతుంది.

వెనక బరువెక్కువైతే ముందు చక్రాలు తేలికై స్టీరింగ్ పట్టు తప్పుతుంది, బ్రేకు ఆలస్యంగా పడుతుంది. 2019 సవరణ తర్వాత ఓవర్‌లోడుకి జరిమానా 20,000, పైన టన్నుకి 2,000. ఫ్లైఓవర్ దిగేటప్పుడు బ్రేకు మీద ఉండేది మాత్రం అతని కాలు. ట్రిప్పు మిగిల్చుకుంది నేను.

పుస్తకాలు దించాం. రెండో ట్రిప్పు డబ్బులిచ్చాను. ఆ ఎక్సెల్ ఇంకా ఉంది. మనుషులకి ఒక వరస కలిపాను.