మతిమరుపు ఎవరిది?

నా నవల్లో నాయిక ఒక రాత్రి ఇల్లు విడిచి, నారాయణగూడ మీదుగా ఆటోలో వెళ్ళి, కాచిగూడ స్టేషన్లో రైలెక్కింది. అది పదమూడో అధ్యాయం. ఆవిడచేత పెట్టె సర్దించడానికీ, గుమ్మం దాటించడానికీ పదిరోజులు నేను పడ్డ అవస్థ ఆ భగవంతుడికే తెలియాలి. మర్నాడు పొద్దున్న కంప్యూటరు తెరిచి చూద్దును కదా, ఆవిడ మళ్ళీ వంటింట్లో పప్పు మెదుపుతోంది! రైలూ లేదు, స్టేషనూ లేదు. నవల పన్నెండో అధ్యాయం చివరి వాక్యం దగ్గర ఆగిపోయి ఉంది.

ఇది 2018 వేసవి సంగతి. అప్పుడు మేం చిక్కడపల్లిలో, త్యాగరాయ గానసభకు దగ్గర్లో ఒక సందులో ఉండేవాళ్ళం. అశోక్‌నగర్‌లో ఒక నెట్ సెంటరు మూసేస్తుంటే, అందులోని కంప్యూటరు ఒకటి చవగ్గా వచ్చిందని మావారు కొన్నారు. అందరి చేతుల్లోకీ సెల్‌ఫోన్లు వచ్చాక ఇక ఆ సెంటర్లకు గిరాకీ ఏముంటుంది? అమ్మిన అబ్బాయి మంచివాడే. తెలుగు టైపింగు ఎక్కించి, పెన్‌డ్రైవులో ఉన్న నా పన్నెండు అధ్యాయాలూ అందులో పెట్టి మరీ ఇచ్చాడు.

"సేవ్ చెయ్యడం మరిచిపోయుంటావులే" అన్నారు మావారు, పేపర్లోంచి తలెత్తకుండానే.

"చేశానండీ."

"చేశాననుకుని ఉంటావు."

కాబోలు అనుకున్నాను. పొయ్యిమీద పాలు పెట్టి మరిచిపోయేదాన్ని, ఇది మరిచిపోనా? మళ్ళీ రాశాను. ఈసారి మా అమ్మాయిని సాక్షిగా పక్కన నిలబెట్టుకుని సేవ్ చేశాను. మర్నాడు మళ్ళీ వంటిల్లే! "తర్వాత ఏదో నొక్కేసుంటావమ్మా" అంది నా సాక్షి.

మూడోసారి పోయాక ఎవరికీ చెప్పలేదు. గ్యాసు కట్టేశానా, తలుపు గడియ పెట్టానా అని రెండేసిసార్లు వెళ్ళి చూసుకోవడం మొదలెట్టాను. మా అమ్మమ్మ చివరి రోజుల్లో సొంత బిడ్డల్ని కూడా గుర్తుపట్టలేదు. నాకూ అప్పుడే ఆ రోజులు దాపురించాయేమోనని రాత్రుళ్ళు నిద్రపట్టేది కాదు. అధ్యాయం పోతే మళ్ళీ రాసుకోవచ్చు. నా మీద నాకే నమ్మకం పోతే ఏం పెట్టి రాయను?

నారాయణగూడ నుంచి మెకానిక్ వచ్చాడు. కంప్యూటర్లో గడియారం తప్పు టైము చూపించడం చూసి, "సెల్లు ఖతమైంది మేడం" అంటూ లోపల్నుంచి రూపాయి బిళ్ళలాంటిది ఒకటి ఊడదీసి కొత్తది వేశాడు. దాన్ని సీఆర్ 2032 అంటారట, మూడు వోల్టులది. టైము నిలిచింది గానీ నా నాయిక నిలవలేదు. ఆ సెల్లు కాపాడేది గడియారాన్నీ, కొన్ని మొదటి సెట్టింగుల్నీ మాత్రమేనట. మనం రాసుకున్నది ఉండే చోటు హార్డ్ డిస్కు. దానికీ దీనికీ సంబంధం లేదు.

మా పై వాటాలో గ్రూప్స్‌కి చదువుకునే అబ్బాయి ఉండేవాడు. పొద్దున్నే నగర కేంద్ర గ్రంథాలయంలో చోటు పట్టుకుంటే చీకటిపడ్డాక గానీ వచ్చేవాడు కాదు. "సేవ్ చేశారా?" అని అడగని మొదటి మనిషి అతను! "ఎక్కడ పోతుందో చూద్దాం ఆంటీ" అని రెండు చిన్న ఫైళ్ళు చేశాడు. ఒకటి డెస్క్‌టాప్ మీద, రెండోది డి డ్రైవులో. కంప్యూటరు ఆపి మళ్ళీ వేశాడు. మొదటిది మాయం, రెండోది పదిలం. తెర కిందిమూల చిన్న బాణంగుర్తు నొక్కితే, బియ్యపు గింజంత తెల్ల ఎలుగుబంటి కనిపించింది.

"ఇదా సంగతి! డీప్ ఫ్రీజ్ ఆంటీ. మా కాలేజీ ల్యాబులో కూడా ఉండేది."

నెట్ సెంటరుకు రోజూ ఎందరో వచ్చి ఏవేవో ఎక్కించి పోతారు కదా. అందుకని కంప్యూటర్ని ఒక మంచిరోజున ఎలా ఉందో అలా గడ్డకట్టించేస్తారట. ఆ తర్వాత చేసిన మార్పులన్నీ విడిగా ఒక పక్కన ఉంటాయి. ఆపి మళ్ళీ వెయ్యగానే వాటిని మరిచిపోయి, ఆ మంచిరోజుకే తిరిగి వెళ్ళిపోతుంది. సెంటరుకు అది వరమే. నాబోటిదానికి శాపమైంది! డి డ్రైవును గడ్డకట్టించకుండా వదిలేశారు కాబట్టి రెండో ఫైలు బతికింది.

అమ్మినతనికి ఫోన్ చేస్తే నాలిక కరుచుకున్నాడు. నా అధ్యాయాలు ఎక్కించాక అలవాటుకొద్దీ మళ్ళీ గడ్డకట్టించి ఇచ్చాడట! పాస్‌వర్డు చెప్పాడు. పై వాటా అబ్బాయి షిఫ్ట్ మీట పట్టుకుని ఎలుగుబంటి మీద రెండుసార్లు నొక్కి, పాస్‌వర్డు కొట్టి, గడ్డ కరిగించే వరస ఎంచుకుని, కంప్యూటరు మళ్ళీ వేశాడు. ఎలుగుబంటి మీద ఎర్రగా ఇంటూ గుర్తు పడింది.

"నేను మరిచిపోలేదు!" అని హాల్లోకి వెళ్ళి గట్టిగా చెప్పాను.

"మంచిదే. ఇంతకీ కాఫీ మరిచిపోయావా?" అన్నారు మావారు.

నవ్వొచ్చింది గానీ, వంటింట్లోకి వెళ్ళాక ఆలోచన పడింది. రాత్రి తోమి బోర్లించిన గిన్నెలు పొద్దున్నకి మళ్ళీ సింకులో. తుడిచిన గచ్చు మీద మళ్ళీ ఇసుక. మనం చేసిందేదీ తెల్లారేసరికి మిగలదు కనకనే కదా, "రోజంతా ఏం చేశావు?" అని అడగగలుగుతున్నారు? సాక్ష్యం మాయమైతే లోకం పనిని కాదు, మనిషినే అనుమానిస్తుంది. చిత్రమేమంటే ఆ లోకం మాట మనమే ముందు నమ్మేస్తాం.

ఆ రాత్రి నాయిక నాలుగోసారి పెట్టె సర్దుకుంది. ఈసారి పదిరోజులు పట్టలేదు. ఎందుకైనా మంచిదని పెన్‌డ్రైవులోకి కూడా ఒక కాపీ ఎక్కించి పడుకున్నాను.

పొద్దున్న కంప్యూటరు తెరిస్తే, రైలు మహబూబ్‌నగర్ దాటి పోతోంది.