నీళ్లు దిగిన వాకిలి

ఆ ఫోటో మా అమ్మ ట్రంకుపెట్టెలో పెళ్లిచీర మడతల మధ్య ఉంటుంది. నలుపు తెలుపు, అరచేతిలో పట్టేంత. 1981లో శ్రీశైలం డ్యాము నీళ్లొస్తున్నాయని ఊరు ఖాళీ చేసిన వారంలో తీసింది. మిద్దె ముందు మా అవ్వ నిలబడి ఉంటుంది. పక్కన తాత, చేతిలో గొడ్డలి. అవ్వ వెనక వాకిలి ఉండాల్సిన చోట తెల్లటి వెలుతురు. తలుపులు, ద్వారబంధం అప్పటికే పీకి బండికెత్తారు. దూలాలు కూడా దించేయడంతో ఎండ నేరుగా ఇంట్లోకి పడుతోంది. మా ఊరికి ఉన్న ఫోటో అదొక్కటే. ఊరు ఊరుగా ఉన్నన్నాళ్లూ దాన్ని ఫోటో తీయాలని ఎవరికీ తోచలేదు.

మొన్న మే నెలలో అమ్మా నేనూ దాన్ని పట్టుకుని బయల్దేరాం. రాత్రంతా బస్సు, ఆత్మకూరులో టిఫిను, ముసలిమడుగు దాకా ఆటో. అక్కణ్ణుంచి నెర్రెలిచ్చిన ఒండ్రు మీద నడక. నీళ్లు దిగిన నేలను ఎక్కడికక్కడ దున్నేసి ఉన్నారు. గొర్రెలు మేస్తున్నాయి. జలాశయం నిండితే మట్టం 885 అడుగులు. మేం నడిచిన ఆ దారంతా ఏడాదిలో చాలా నెలలు చేపలదే.

ముందు సంగమేశ్వరుడి గుడికి పోయాం. శివరాత్రికి బండ్లు కట్టుకుని వచ్చేవాళ్లమని, తిరునాళ్లలో గాజులు కొనిపించుకునేదాన్నని దారిపొడుగునా అమ్మ చెబుతూనే ఉంది. తుంగ, భద్ర, కృష్ణ, వేణి, భీమ, మలాపహారిణి, భవనాసి, ఏడు నదులు కలిసే చోటు ఇది. లింగం కోసం కాశీకి పోయిన భీముడు వేళకు రాకపోతే ధర్మరాజు వేపమొద్దుతో లింగం చేసి ప్రతిష్ఠించాడని స్థలపురాణం. డ్యాముతో మునిగిన గుడి మళ్లీ 2003లో బయటపడింది. అప్పట్నుంచి నీళ్లు బాగా దిగిన వేసవుల్లో దర్శనం దొరుకుతోంది. గర్భగుడి చీకట్లో ఆ కొయ్యలింగాన్ని చూశాను. ఏళ్ల తరబడి నీళ్లలో నానిన కొయ్య ఇంకా నిలిచి ఉంది. నాకు మొక్కులూ నోములూ పెద్దగా పట్టవు. అయినా అక్కణ్ణుంచి వెంటనే కదలబుద్ధి కాలేదు.

మునక ముప్పున్న గుళ్లలో కొన్నిటిని ముందే కాపాడారు. కూడవెల్లిలోని మరో సంగమేశ్వరాలయాన్ని రాయి రాయిగా విప్పి అలంపురంలో మళ్లీ కట్టారు. సోమశిల గుళ్లూ అలాగే పైకి చేరాయి. మంచిపనే. అలంపురం పోయినప్పుడల్లా ఆ చాళుక్యుల కట్టడం చుట్టూ తిరిగొస్తాను. కానీ వంద దాకా ఊళ్లు మునిగాయి. ఆ ఇళ్లలో ఒక్క రాయికీ ఎవరూ అంకె వేయలేదు. వాటిని విప్పుకున్నది ఇంటివాళ్లే, గొడ్డళ్లతో, గడ్డపారలతో. ఇంటికో ఉద్యోగమని 1986లో 98వ నంబరు జీవో వచ్చింది. మా చిన్నమామ ఆ కాగితాల కట్ట చంకన పెట్టుకునే ముసలివాడయ్యాడు.

గుడి నుంచి మా ఊరి తావుకు పోయే దారిలో చేపలు పట్టేవాళ్ల గుడిసెలు కనిపించాయి. పుట్టి బోర్లించి దాని నీడలో వల బాగుచేసుకుంటున్న ఒకామె అమ్మను చూసి, "యాడికి పోతున్నావమ్మా ఈ ఎండలో?" అంది. "మా ఇంటికి" అంది అమ్మ. ఆమె ఇంకేమీ అడగలేదు. ఇలా వచ్చేవాళ్లు ఆమెకు అలవాటేనేమో. కూర్చోబెట్టి జొన్నరొట్టె, చేపల పులుసు పెట్టింది. పులుసులో చింతపండు పులుపు నాలుకను పట్టి లాగింది. రొట్టె అంచులు కాస్త మాడాయి, నడుమ మెత్తగా ఉంది. కృష్ణ ఒడ్డున ఇంత రుచైన తిండి నేనెప్పుడూ తినలేదు. డబ్బులివ్వబోతే అమ్మ నా చెయ్యి పట్టి ఆపింది. ఎన్నాళ్లుగానో దాచుకున్న జాకెట్టు గుడ్డ ఒకటి సంచిలోంచి తీసి బొట్టుపెట్టి ఇచ్చింది. పుట్టింటికి పోతూ సంచిలో అలాంటివి పెట్టుకున్నదని నాకు అప్పుడే తెలిసింది.

ఊరంటే ఇప్పుడు మోకాలెత్తు పునాదులు. ఏ ఇల్లైనా ఒకటే మాదిరి. నేను ఫోటో ఎత్తిపట్టుకుని ఆనవాళ్ల కోసం తిప్పుతూ ఉన్నాను. ఫోటోలో కొండ లేదు, చెట్టు లేదు, పక్కిల్లు లేదు. అవ్వ ఉంది, వెలుతురు ఉంది. వాటితో ఏం పట్టుకోను? అమ్మ ఫోటో వైపు చూడనే లేదు. నేల చూసుకుంటూ నడిచింది. ఒకచోట ఆగి చెప్పుతో ఒండ్రు గీకింది. ఆ తర్వాత కూర్చుని చేతులతో తవ్వింది. గుండ్రంగా ఒక రాతి అంచు తేలింది.

"ఇదే మా రోలు. పీకనీకి రాలేదు, ఈడ్నే వదిలిపెట్టిపోతిమి."

రోటి గుంటలో గట్టిపడ్డ మట్టి. అమ్మ కొంగుతో తుడిచి లోపలి నునుపును బొటనవేలితో రాసి చూసింది. గుంట ఒక పక్కకు ఎక్కువ అరిగింది. "మీ అవ్వది ఎడమచెయ్యి వాటం" అంది. ఆ సంగతి ఫోటోలో లేదు. ఇన్నేళ్లూ ఆ ముఖాన్ని చూస్తున్నా నాకు తెలియదు.

రోలు దొరికాక మిగతా ఇల్లు అమ్మకు వరసగా దొరికిపోయింది. ఇది గాటిపాడు, ఇక్కడ జొన్నల గరిసె, అదిగో పొయ్యి. వేలు చూపించే చోటల్లా నాకు మట్టే కనిపిస్తోంది, అయినా చూస్తూనే ఉన్నాను. అవ్వ నిలబడ్డ చోట అమ్మను నిలబెట్టి ఫోటో తీస్తానన్నాను.

"బయట వద్దు, లోపల తియ్యి" అంది.

రెండు పునాది రాళ్ల మధ్య సందు దగ్గర చెప్పులు విడిచింది. అక్కడ గడప లేదు. అయినా కాలు ఎత్తి దాటింది. లోపలికి పోయి వెనక్కి తిరిగి, కెమెరా సర్దుకుంటూ వస్తున్న నన్ను చూసి కంగారుగా చెయ్యి అడ్డం పెట్టింది.

"తల వంచుకో నాయనా, వాకిలి పొట్టిది."