టెలివిజనులో మాయమైన ఏడేళ్ళు

మన తెలుగు టెలివిజను సీరియళ్ళలో పిల్లలు పెరగరు. వినటానికి వింతగా ఉన్నా ఇది చూసేవారందరికీ తెలిసిన సంగతే. తొమ్మిదేళ్ళ పిల్ల గుమ్మం దాటి పరుగెత్తుతుంది. కెమెరా ఆ పిల్ల పాదాలమీదికి దిగుతుంది. మళ్ళీ పైకి లేచేసరికి అవి ఇరవైరెండేళ్ళ యువతి పాదాలు. ఇది సినిమానుంచి సంక్రమించిన విద్య. మన సినిమా నాయకులు ఏనాటినుంచో ఒక పాట చరణంలోనో, ఒక రైలు వంతెన దాటే వ్యవధిలోనో పెద్దవాళ్ళవుతూ వచ్చారు. సినిమాకు రెండున్నర గంటల గడువున్నది గనక ఆ తొందరను అర్థం చేసుకోవచ్చు. వెయ్యి భాగాలు నడిచే సీరియలుకు ఏమి తొందర? పెళ్ళిచూపులకు పదిహేను రోజులూ, చేజారిన కాఫీకప్పు నేలమీద పడటానికి మూడు నిమిషాలూ కేటాయించగలిగిన కథలో, పదమూడు మొదలు పంతొమ్మిది దాకా ఒక మనిషి బతికే ఏడేళ్ళకు చోటు లేకపోయిందంటే, అది వ్యవధి చాలక జరిగిన లోపం అయివుండదు.

2017 మొదలు 2023 జనవరి దాకా స్టార్ మాలో వచ్చిన ‘కార్తీక దీపం’ ఎంత జనాదరణ పొందిందో చెప్పనక్కరలేదు. అందులో శౌర్య, హిమ అనే కవల పిల్లలు కథకు ప్రాణంగా ఉండేవారు. 2022లో ఆ కథ ఒక్క గంతు వేసింది. గంతు ముగిసేసరికి హిమ డాక్టరు, శౌర్య ఆటో నడుపుకునే మనిషి. ఒక తల్లి కడుపున ఒకేసారి పుట్టిన ఇద్దరిలో ఒకరికి ఆసుపత్రీ, మరొకరికి ఆటో ఎట్లా ప్రాప్తించినవి? సీరియలు దీనికి ఒక ప్రమాదాన్నీ, ఒక ఎడబాటునూ కారణాలుగా చూపి ఊరుకున్నది. మన సమాజంలో ఎవరు డాక్టరు, ఎవరు ఆటో డ్రైవరు అనేది తేలిపోయేది సరిగ్గా ఆ గంతులో పోయిన ఏళ్ళలోనే గదా! ఏ బడి, ఏ మీడియం, ఎవరు ఫీజు కట్టారు, ఏ తరగతిలో ఎవరి పుస్తకాల సంచీ అటకెక్కింది — ఈ ప్రశ్నలన్నిటికీ జవాబు చెప్పవలసిన భాగాలనే సీరియలు తీయలేదు. 

బాల్యవివాహాన్ని గురించి చెప్పబూనిన కథ సైతం ఈ పనే చేసింది. 2008లో హిందీలో మొదలై, తెలుగు మాటలతో మన ఇళ్ళలోకి వచ్చిన ‘చిన్నారి పెళ్ళికూతురు’లో ఎనిమిదేళ్ళ ఆనంది కూడా గంతు వేసే పెద్దదయింది. 2019-21 నాటి జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో ఇరవై మొదలు ఇరవైనాలుగేళ్ళ వయసున్న స్త్రీలలో నూటికి 29 మందికి పద్ధెనిమిదేళ్ళు నిండకుండానే పెళ్ళయింది. మన ఆడపిల్లల విషయంలో ఆనంది ఎనిమిదవ ఏటికన్న, సీరియలు దాటవేసిన పదిహేనవ ఏడూ, పదహారవ ఏడూ ఎక్కువ ప్రమాదకరమైనవి.

రచయితల చేతకానితనం దీనికి కారణమని నేననుకోను. సీరియలును పోషించేది ప్రకటన. సాయంత్రం ఆరు మొదలు రాత్రి పది దాకా సబ్బులూ, వంటనూనెలూ, మసాలాపొడులూ, నగలూ అమ్ముకునేవారికి కావలసినది ఇంటి ఇల్లాలు. పదిహేనేళ్ళవాడు ఆ వేళకు ట్యూషనులోనో, హాస్టలు స్టడీ అవరులోనో ఉంటాడు. వాడు చూడడు, కొనడు. అటువంటివాడి కథకు డబ్బు పెట్టేవారెవరు? ఇంట్లో వాడొకడున్నాడని గుర్తుచేయటానికి అప్పుడప్పుడూ భుజాన సంచీతో వచ్చి, ‘అమ్మా, ఆకలేస్తోంది’ అని లోపలికి పోతాడు.

అయితే ఈ వయసు పిల్లలు మన టెలివిజనులో అసలే కనపడరనటం సరికాదు. సీరియలు ఆగి ప్రకటనలు మొదలైనప్పుడు కనపడతారు. పరీక్షా ఫలితాల రోజుల్లో ఏ ఛానలు పెట్టినా పాస్‌పోర్టు సైజు ఫోటోలు వరసలు వరసలుగా పైకి పాకుతూ ఉంటాయి. మెడకు టై, కింద హాలుటికెట్టు నెంబరు, పక్కన మార్కులు. వెనకనుంచి ఒక కంఠం, సహస్రనామం చదివినంత నిష్ఠగా, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు అంటూ ర్యాంకులు చదువుతుంది. బడి ముఖం చూసిన ప్రతి తెలుగు పిల్లవాడికీ ఈ మంత్రం కంఠతా వచ్చును. తెలుగు టెలివిజను మన పదిహేనేళ్ళ పిల్లలను గురించి అన్నిటికన్న ఎక్కువసార్లు చెప్పిన కథ ఇదే. ఇందులో ఒకరితో ఒకరికి సంబంధం లేదు. ప్రతి ముఖమూ ఒక చతురస్రంలో ఒంటరిగా ఉంటుంది. 2022లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం పదవతరగతి ఫలితాలకు ర్యాంకులు అంటగట్టి ప్రచారం చేసుకోరాదని ఉత్తరువిచ్చింది. ఇంటర్మీడియటూ, ప్రవేశపరీక్షలూ మిగిలే ఉన్నాయి గనక ఫోటోలకు కొరత రాలేదు.

2019 ఏప్రిల్‌లో తెలంగాణ ఇంటర్మీడియట్ ఫలితాలు వెలువడిన కొద్ది రోజుల్లోనే ఇరవైమంది దాకా విద్యార్థులు ప్రాణాలు తీసుకున్నారు. తర్వాత జరిగిన పునఃపరిశీలనలో, తప్పినట్టు ప్రకటించినవారిలో వెయ్యిమందికి పైగా నిజానికి పాసయినారని తేలింది. ఆ వారమంతా వార్తా ఛానళ్ళలో నేను చూసినవి మళ్ళీ అవే పాస్‌పోర్టు ఫోటోలు. అదే టై, అదే దువ్విన జుట్టు. విజయానికీ, చావుకూ టెలివిజను దగ్గర ఒకే బొమ్మ ఉన్నది. ఆ పిల్లవాడికి స్నేహితులెవరు, రాత్రి భోజనానికి ఎవరి పక్కన కూర్చునేవాడు, ఏమి పాడేవాడు అనేవి అందులో పట్టవు.

నృత్య పోటీల సంగతి ఎక్కువగా చెప్పను. పదమూడేళ్ళ పిల్లల చేత పెద్దవాళ్ళ శృంగారం అభినయింపజేసి, న్యాయనిర్ణేతలు కన్నీళ్ళు తుడుచుకోవటం చూసి, 2019 జూన్‌లో కేంద్ర సమాచార ప్రసారశాఖకు కూడా ఛానళ్ళకు హితవు చెప్పక తప్పలేదు.

మనకు లేని ఈ బొమ్మ అమెరికాలో ఎట్లా తయారయిందో కొంచెం తెలుసుకోవటం అవసరం. ‘టీనేజరు’ అనే మాట అక్కడ ప్రచారంలోకి వచ్చింది 1940లలో. అప్పటికి ఆ దేశపు పిల్లల్లో అత్యధికులు హైస్కూళ్ళలో చేరివున్నారు. ఒకే వయసువాళ్ళు రోజంతా ఒకచోట చేరితే వారికొక లోకం ఏర్పడుతుంది. ఆ లోకాన్ని ముందుగా కనిపెట్టినది వ్యాపారి. ఆ వయసు ఆడపిల్లల కోసం ‘సెవెంటీన్’ పత్రిక 1944లో వచ్చింది. హైస్కూలు పిల్లలు పాటలకు నృత్యం చేసే ‘అమెరికన్ బ్యాండ్‌స్టాండ్’ 1957 నుంచి దేశమంతటా టెలివిజనులో ప్రసారమయింది. 1990 నుంచి పదేళ్ళు నడిచిన ‘బెవర్లీ హిల్స్ 90210’ వచ్చేనాటికి, బడి అంటే గోడవెంట ఇనప అలమారలూ, మధ్యాహ్నం భోజనశాలలో ఎవరు ఏ బల్ల దగ్గర కూర్చుంటారన్న తగవూ, చివర విందునృత్యమూ అని ప్రపంచమంతా నేర్చుకున్నది. అక్కడి శ్రామికుల పిల్లలకు కూడా ఆ బొమ్మలో చోటు తక్కువే. కాని ఒక్క మాట ఒప్పుకోవాలి. ఆ కథల్లో పిల్లలకు తీరిక ఉన్నది. తీరిక ఉన్నది గనక స్నేహాలూ, ద్రోహాలూ, చిన్న చిన్న తిరుగుబాట్లూ ఉన్నాయి.

ఈ విదేశీ కథలు మన పిల్లలను చెడగొడుతున్నాయనే పెద్దల ఫిర్యాదు నాకు ఆమోదం కాదు. అవన్నీ అబద్ధపు కథలూ కావు. పదమూడేళ్ళ కుర్రవాడు తోటి విద్యార్థినిని చంపిన నేరాన్ని గురించి 2025లో బ్రిటనులో తీసిన ‘అడాలసెన్స్’ను ఆ దేశంలో హైస్కూళ్ళకు ఉచితంగా చూపించే ఏర్పాటు చేశారు. మన పిల్లలు ఫోనులో పరాయి బడులను చూడటంలో తప్పేమీ లేదు. వాటి పక్కన పెట్టి పోల్చుకోవటానికి తమ బడి లేకపోవటమే నాకు బాధగా ఉన్నది.

ఆ ప్రయత్నం చేసినవారు లేకపోలేదు. 2019లో వచ్చిన హిందీ ‘కోటా ఫ్యాక్టరీ’ కోచింగు పట్టణాన్ని నలుపు తెలుపుల్లో తీసి, పిల్లల అలసటను నిజాయితీగానే చూపింది. అయితే దాని మొదటి భాగానికి అండగా నిలిచింది అన్అకాడమీ అనే ఆన్‌లైన్ కోచింగు కంపెనీ. అందుకేనేమో, పిల్లలను పిండే యంత్రానికి విరుగుడుగా ఆ కథ ఒక మంచి కోచింగు మాస్టారును చూపింది. 2024 జనవరిలో ఈటీవీ విన్‌లో వచ్చిన ‘నైంటీస్ - ఎ మిడిల్ క్లాస్ బయోపిక్’ మన తెలుగులో ఈ వరసలో మెచ్చదగిన పని. ప్రభుత్వ పాఠశాలలో లెక్కల మాస్టారు తన పిల్లలను ప్రైవేటు బడికి పంపుతాడు. ఈ ఒక్క సంగతిలోనే ఎంత చరిత్ర ఉన్నది! నేను దాన్ని రెండుసార్లు ఆనందంగా చూశాను. కాని ఇంట్లో సాయంత్రం పూట అల్లరి చేసే పిల్లలను చూపించటానికి ఆ దర్శకుడు ముప్ఫైయేళ్ళు వెనక్కు పోవలసివచ్చింది. అది తల్లిదండ్రుల కౌమారం. ఆ తల్లిదండ్రుల పిల్లలు ఇప్పుడు ఏమి చేస్తున్నారు?

సాహిత్యం ఇట్లా గంతులు వేయలేదు. మా పొరుగున విజయనగరంలో కూర్చుని గురజాడ రాసిన ‘కన్యాశుల్కం’లో వెంకటేశం మన మొదటి ఇంగ్లీషు బడి కుర్రాడు. పరీక్ష తప్పుతాడు, చుట్టలు తాగుతాడు, తండ్రి డబ్బుకు లెక్క చెప్పలేడు. వాడి చదువు చుట్టూ ఇంట్లో జరిగే రభసలో ఆనాటి సమాజమంతా ఉన్నది. కుటుంబరావు ‘చదువు’లో సుందరం తరగతి తరువాత తరగతి మన కళ్ళెదుటే పెరుగుతాడు. ఏడాది కూడా ఎగిరిపోదు. 

నేను గాజువాక ప్రాంతంలో డిగ్రీ విద్యార్థులకు తెలుగు చెబుతాను. మొదటి ఏడు పిల్లలకు ఈ రెండు పుస్తకాలను గురించి చెప్పిన తరువాత, మీ హైస్కూలు జీవితంలో ఒక రోజును గురించి రాయమని అడిగాను. సగంమంది తెల్లకాగితం ఇచ్చారు. పెదగంట్యాడ వైపునుంచి వచ్చే ఒక అమ్మాయి, “మా స్కూల్లో ఏమీ జరగలేదు సార్” అన్నది. తక్కినవారు తలలూపారు.

ఈ పిల్లలు ఎనిమిదవ తరగతిలో ఉండగా కరోనా మూలాన నెలల తరబడి బడి మూతబడింది. పాఠాలు ఫోనులోకి వచ్చినవి. ఇద్దరు పిల్లలున్న ఇంట్లో ఒకే ఫోను ఉంటే అది ఎవరికి దక్కిందో ఊహించవచ్చు. అదే తరగతిలో ఉండగా, 2021 జనవరి 27న విశాఖ ఉక్కు కర్మాగారంలో ప్రభుత్వ వాటా మొత్తం అమ్మాలని కేంద్రం నిర్ణయించింది. కూర్మన్నపాలెంలో దీక్షా శిబిరం వెలిసింది. 1966లో ఈ ఉక్కు కోసం రోడ్డెక్కినవారిలో విద్యార్థులే ముందున్నారు. నవంబరు 1న విశాఖలో కాల్పులు జరిగినవి. రాష్ట్రమంతటా 32 మంది చనిపోయారు. ఆ ఉద్యమంవల్ల వచ్చిన కర్మాగారంలో పనిచేసే తండ్రికి జీతం ఏ నెలలో వస్తుందో, ఎంత వస్తుందో తెలియని ఇళ్ళలో ఈ పిల్లలు పది చదివారు, ఇంటరు చదివారు. ఉక్కునగరం క్వార్టర్లలో కొన్నిటికి తాళాలు పడటం, కాంట్రాక్టు కూలీల పిల్లలు ఏడాది మధ్యలో బడి మారటం వాళ్ళే చూశారు. టెలివిజనువాళ్ళు శిబిరానికి వచ్చి నాయకుల మాటలు తీసుకుపోయారు. శిబిరంనుంచి తండ్రి ఇంటికి వచ్చిన తరువాత జరిగే సంభాషణ వాళ్ళకు అక్కరలేకపోయింది.

ఇన్ని జరిగిన తరువాత కూడా ఆ పిల్ల ఏమీ జరగలేదన్నది. అబద్ధమాడాలని కాదు. ‘జరగటం’ అంటే తెరమీద చూసినటువంటిది జరగటం అని ఆ పిల్ల నేర్చుకున్నది. తనకు ఇనప అలమారా లేదు, విందునృత్యం లేదు, మొదటి ర్యాంకూ లేదు. మిగిలినది లెక్కలోకి రాదు.

నేను ప్రశ్న మార్చాను. సెక్షను మారిన రోజును గురించి రాయమన్నాను. తరగతిలో ఒక్కసారి గుసగుస బయలుదేరింది. రెండు గంటలు గడిచినా కొందరు కలం దించలేదు. వారం వారం పరీక్ష పెట్టి మార్కులను బట్టి సెక్షను మార్చే బళ్ళలో చదివినవారే వారిలో ఎక్కువమంది. ఒక కుర్రాడు రాశాడు: అయిదో తరగతినుంచీ పక్కన కూర్చున్న స్నేహితుడు పై సెక్షనుకు పోయాడు, భోజనాల వేళలు కూడా వేరుగనక, ఏడాదిపాటు ఇద్దరూ చేతులు కడుక్కునే కుళాయి దగ్గర మాత్రమే మాట్లాడుకున్నారు. మరొకడు, హాస్టలులో ఫోను చేసుకునేందుకు వరసలో నిలబడి తన వంతు వచ్చేసరికి ఇంట్లో ఏమి చెప్పాలో మరిచిపోయిన రోజును రాశాడు. ఏమీ జరగలేదన్న అమ్మాయి ఆరు పేజీలు రాసింది. తొమ్మిదో తరగతిలో తనతోపాటు బస్సెక్కే పిల్ల ఒక సోమవారం రాలేదట. మంగళవారం కూడా రాలేదు. పెళ్ళి కుదిరిందని బుధవారం తెలిసింది. క్లాసు టీచరు హాజరుపట్టీలో ఆ పేరుమీద స్కేలు పెట్టి ఎర్రగీత గీశారు. ఆ గీత ఎంత తిన్నగా ఉన్నదో ఆ అమ్మాయి అరపేజీ రాసింది.

వాటిలో నాలుగింటిని కళాశాల గోడపత్రికలో పెడుతున్నాము. కుళాయి సంగతి రాసిన కుర్రాడు తన పేరు పెద్ద అక్షరాలతో వేయమన్నాడు. ఆ అమ్మాయి మాత్రం తన పేరూ, బడి పేరూ తీసేయమన్నది. చెల్లెలు ఇంకా ఆ బడిలోనే చదువుతున్నది.