క్రాపు చేప

క్రాపీ అనే చేపని నేను ఇంతవరకూ కళ్ళారా చూడలేదు. కానీ దాని గురించి మన క్లాసులో ఎవరికైనా అరగంట లెక్చర్ ఇవ్వగలను. మూడేళ్ళుగా మా ఇంట్లో ప్రతి ఆదివారం పొద్దున జరిగే వీడియో కాల్‌లో మెయిన్ టాపిక్ అదే మరి. అటుపక్క డాలస్ దగ్గర ఉండే మా బాబాయి, ఇటుపక్క దుగ్గిరాలలో మా తాతయ్య. ఫోన్ పట్టుకునే డ్యూటీ నాది. తాతయ్య పట్టుకుంటే అవతలివాళ్ళకి మా సీలింగ్ ఫ్యాన్ తప్ప ఇంకేం కనిపించదు.

తాతయ్యకి క్రాపీ అనే మాట నోరు తిరగలేదు. "క్రాపు చేప" అంటాడు. ఇప్పుడు ఇంట్లో అందరం అదే అంటున్నాం, బాబాయితో సహా.

అది ఉత్తర అమెరికా చేప. నల్ల క్రాపీ, తెల్ల క్రాపీ అని రెండు రకాలు. పక్కల నుంచి నొక్కినట్టు పల్చగా, వెండి రంగులో, ఒంటి నిండా నల్ల మచ్చలతో ఉంటుంది. మొదటిసారి బాబాయి ఫోటో పంపినప్పుడు నేను "బాగుంది" అని ఊరుకున్నా. తాతయ్య మాత్రం ఎంత బరువుంది అని కూడా అడగలేదు. మూడు ప్రశ్నలు వేశాడు. ఏం తింటుంది? గుంపుగా తిరుగుతుందా, ఒంటరిగానా? నోరు ఎలా ఉంటుంది?

చిన్న చేపల్నీ పురుగుల్నీ తింటుందనీ, గుంపుగానే ఉంటుందనీ, నోరు మాత్రం చాలా పల్చన, అక్కడ దాన్ని పేపర్‌మౌత్ అని కూడా పిలుస్తారనీ బాబాయి చెప్పాడు.

"అయితే లాక్కూడదురా. ఎత్తాలి," అన్నాడు తాతయ్య.

అవతల బాబాయి కాసేపు మాట్లాడలేదు. ఆ సంగతి తెలుసుకోడానికి తనకి ఒక సీజన్ మొత్తం పట్టిందట. చేప పడగానే గట్టిగా గుంజడం, దాని పెదవి చిరిగిపోవడం, అది వెళ్ళిపోవడం. దుగ్గిరాల దాటి ఎక్కడా గేలం వెయ్యని మనిషి, చేపని చూడకుండానే పది సెకన్లలో చెప్పేశాడు.

బాబాయి పట్టేది మామూలు గేలంతో కాదు, ఫ్లై ఫిషింగ్. మనం సినిమాల్లో చూసే ఉంటాం, గాల్లో తాడు పాములా వెనక్కీ ముందుకీ ఊగుతుంది. నాకు అది స్టైల్ కోసం అనిపించేది. కాదు. మామూలు గేలంలో చివర ఉన్న ఎరకో సీసపు గుండుకో బరువుంటుంది, విసిరితే అది దారాన్ని లాక్కెళుతుంది. ఫ్లై అంటే కొక్కేనికి ఈకలూ వెంట్రుకలూ చుట్టి పురుగులాగో చిన్న చేపలాగో చేసిన బొమ్మ. దానికి బరువే ఉండదు. అందుకని బరువు దారంలోనే పెట్టారు. దారాన్ని వెనక్కి విసిరి, అది పూర్తిగా చాచుకునేదాకా ఆగాలి. అప్పుడు కర్ర స్ప్రింగులా వంగుతుంది, ముందుకి కొడితే దారంతో పాటు ఈక వెళుతుంది. ఆ ఆగడమే కష్టమట. క్రాపీకి ఎక్కువమంది వాడేది క్లౌజర్ మిన్నో లాంటివి. పెన్సిల్వేనియాలో బాబ్ క్లౌజర్ అనే ఆయన 1980ల్లో తయారు చేసిన డిజైన్ అది. రెండు చిన్న లోహపు కళ్ళు పెడతారు, వాటి బరువుకి కొక్కెం తిరగబడి మొన పైకి ఉంటుంది, అడుగున కర్రలకీ చెత్తకీ చిక్కుకోదు. నాకు నచ్చిన ఇంజనీరింగ్ అంటే ఇదీ. ల్యాబ్ రికార్డుల్లో రాసేది కాదు.

మా తాతయ్య సరంజామా ఇంకా సింపుల్. వెదురు కర్ర, నైలాన్ దారం, ఎండిన జొన్న దంటులోంచి తీసిన బెండు, కొక్కెం, వానపాము. రీలు లేదు. ఇదంతా పాత పద్ధతి అనుకునేదాన్ని. తర్వాత చదివితే జపాన్ కొండవాగుల్లో టెంకారా అని ఉందట. పొడవాటి కర్ర, చివర కట్టేసిన దారం, ఈక కొక్కెం, రీలు ఉండదు. ఇప్పుడు అమెరికాలో దాన్ని మహా ఫ్యాషన్‌గా కొంటున్నారు. ఆ కర్ర రేటు చెబితే తాతయ్య, "మన వెదుర్లు పంపిద్దామా?" అన్నాడు. సీరియస్‌గానే.

చేప ఎంత లోతులో ఉందో కనుక్కోవడం ఇద్దరికీ పెద్ద పని. బాబాయి ఫ్లై నీళ్ళలో పడ్డాక లెక్కపెడతాడు. అయిదు దాకా ఆగి లాగుతాడు, ఏం లేకపోతే ఎనిమిది, తర్వాత పన్నెండు. ఏ అంకె దగ్గర చేప పడితే ఆ రోజుకి ఆ అంకె ఖాయం, ఎందుకంటే గుంపంతా అదే లోతులో ఉంటుంది. తాతయ్య అదే పని బెండుతో చేస్తాడు. మూర లోతులో పెట్టి చూస్తాడు, జానెడు దించుతాడు, బెత్తెడు ఎత్తుతాడు. మన సెర్చింగ్ అల్గారిథమ్స్ యూనిట్ నాకు తొందరగా ఎక్కడానికి ఇది కూడా ఒక కారణం అనుకుంటా. ఎగ్జామ్‌లో మాత్రం జానెడు, బెత్తెడు అని రాయలేదు.

మా ఊరు తెలియనివాళ్ళకి: విజయవాడ నుంచి తెనాలి వెళ్ళే రైల్లో మధ్యలో వస్తుంది. పసుపు యార్డుకి పేరు. కానీ నన్నడిగితే ఊరికి అసలు గుర్తు కాలువే. 1855 నాటికి విజయవాడ దగ్గర కృష్ణ మీద ఆనకట్ట కట్టారు, 1957కి దాని స్థానంలో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. అక్కడి నుంచి బయల్దేరిన పడమటి కాలువ మా ఊరి లాకుల దగ్గర చీలుతుంది. ఒక పాయ నిజాంపట్నం వైపు పోతుంది. కొమ్మమూరు కాలువ పెదగంజాం దాకా పోయి బకింగ్‌హాం కాలువని కలుస్తుంది. ఒకప్పుడు సరుకుల పడవలు ఈ దారినే మద్రాసు దాకా వెళ్ళేవి. ఇప్పుడు పడవలు లేవు, గుర్రపు డెక్క ఉంది. నీళ్ళు వదిలినప్పుడు పరిగెలు, జెల్లలు, మట్టగిడసలు, అదృష్టం బాగుంటే కొర్రమీను. వేసవిలో కాలువ కట్టేశాక మిగిలిన గుంటల్లో కొందరు కరెంటు పెట్టి పిల్లా పెద్దా అన్నిటినీ ఒకేసారి తేల్చేస్తారు. తాతయ్య దాన్ని చేపలు పట్టడం అనడు. ఏమంటాడో ఇక్కడ రాయలేను, ఎడిటర్ కట్ చేస్తారు.

అందుకే టెక్సాస్ రూల్ ఆయనకి తెగ నచ్చింది. అక్కడ క్రాపీ పది అంగుళాలు ఉంటేనే ఉంచుకోవాలి, తక్కువుంటే వదిలెయ్యాలి. మనిషికి రోజుకి 25కి మించకూడదు. లైసెన్సు కావాలి. "కొలిచి వదిలేస్తారా? నిజంగా?" అని నాలుగు వారాలు అడిగాడు. కొర్రమీను తన ఎర్రటి పిల్లల గుంపుని కాపలా కాస్తూ తిరిగే రోజుల్లో తాతయ్య అటు గేలం వెయ్యడు. పెద్దదాన్ని తీసేస్తే పిల్లల్ని మిగతా చేపలు గంటలో తినేస్తాయి. క్రాపీలో గూడు చేసి గుడ్లని కాసేది మగచేప అని బాబాయి చెప్పినప్పుడు, "తండ్రా?" అన్నాడు. అంతే. ఇంకేం అనలేదు.

ఇక్కడ మా ఇంటి సంగతి కొంచెం చెప్పాలి. బాబాయి ఎమ్మెస్ కోసం తాతయ్య 2013లో ముప్పావు ఎకరం అమ్మాడు. పసుపు పండే నేల. 2014లో రాజధాని మా పక్కనే అన్నారు. ఆ తర్వాత రేట్లు ఎక్కడికెళ్ళాయో గుంటూరు, కృష్ణా వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు. ఎవరూ ఎవర్నీ ఏమీ అనలేదు, అదే ఇబ్బంది. బాబాయి ఉద్యోగం వచ్చాక డబ్బు పంపిస్తే తాతయ్య, "అమ్మింది అమ్మిందే" అని ముట్టుకోలేదు. బాబాయి చివరిసారి వచ్చింది నేను ఎనిమిదో తరగతిలో ఉన్నప్పుడు. వస్తే వీసా స్టాంపింగ్ అవుతుందో లేదో అని భయం, అది నిజమైన భయమే. ఇద్దరూ ఫోన్‌లో "బాగున్నావా", "తిన్నావా" దగ్గర ఆగిపోయేవాళ్ళు. నాయనమ్మ ఫోన్ లాక్కునేది. మూడేళ్ళ క్రితం బాబాయి ఆ చేప ఫోటో పంపాక, మొదటిసారి కాల్ నలభై నిమిషాలు నడిచింది. నాయనమ్మకి చాన్స్ రాలేదు, ఆ వారమంతా అలిగింది.

పోయిన జూలైలో బాబాయికి మూడు వారాలు ఒక్క చేపా పడలేదు. అక్కడ ఎండ నలభై డిగ్రీల దాకా ఉంది. వసంతంలో గుడ్లు పెట్టడానికి ఒడ్డుకొచ్చే చేప, ఎండాకాలం లోతుకి పోతుంది. కానీ మరీ అడుగుకి పోలేదు, వేసవిలో చెరువు అడుగున చల్లటి నీళ్ళుంటాయి గానీ ఆక్సిజన్ ఉండదు. రెండు పొరల మధ్య వేలాడుతుంది. బాబాయి ఇదంతా సైన్సుతో వివరించాడు. తాతయ్య అంతా విని, "నీడెక్కడుంది?" అన్నాడు. లూయిస్‌విల్ లేక్ మీద వంతెన ఉందట. "దాని స్తంభాల దగ్గరికి పో. పగలు కాదు, రాత్రి. లైటు పెట్టు, పురుగులొస్తాయి, పురుగులకి చిన్న చేపలొస్తాయి, వాటికి అదొస్తుంది. మేం పెట్రోమాక్సు పెట్టేవాళ్ళం."

మరుసటి ఆదివారం ఫోటో వచ్చింది. ఏడు క్రాపీలు, వెనక బాబాయి. తాతయ్య ఫోన్ కళ్ళకి దగ్గరగా పెట్టుకుని చాలాసేపు చూసి, "ఏంటి వాడు ఇంత చిక్కిపోయాడు?" అన్నాడు.

తాతయ్యకి ఇప్పుడు బెండు సరిగా కనపడదు. శుక్లాల ఆపరేషన్ ఒక కంటికే అయింది. సెలవుల్లో నేను పక్కన కూర్చుని "మునిగింది" అని చెబుతా. ఆడపిల్లకి కాలవగట్టు మీద పనేంటని నాయనమ్మ గొణుగుతుంది, తర్వాత తనే పులుసు పెడుతుంది. ఈ దసరాకి నేను కూడా ఒక ఫ్లై చేశా. పక్కింటి కోడి తెల్ల ఈక, అమ్మ కుట్టు దారం, ఫెవీక్విక్. రెండు రోజులు ఏమీ లేదు. మూడో రోజు సాయంత్రం పిల్లకాలువలో జానెడు మట్టగిడస పడింది. "ఈకకి పడిందంటే ఎంత ఆకలి మీదుందో పాపం," అని నా ఆనందం మీద నీళ్ళు చల్లాడు. కాసేపాగి, "నువ్వూ చదువవ్వగానే క్రాపు చేపల దగ్గరికేనా?" అన్నాడు. ఇంకా రెండేళ్ళుంది తాతయ్యా అన్నా. ఆయన దారం సర్దుకుంటూ ఉండిపోయాడు.

డిసెంబర్లో బాబాయి ఫ్రెండ్ ఒకాయన విజయవాడ వస్తున్నాడు. ఆయనతో పది ఫ్లైలు పంపిస్తానని బాబాయి అన్నాడు. కాల్ మొదలుపెట్టే ముందు తాతయ్య నాతో, "ఈకలు మనకీ ఉన్నాయి, వాడినే రమ్మను," అన్నాడు. కాల్ కలిసింది. బాబాయి "నాన్నా" అన్నాడు.

"కొక్కేలు చిన్నవి పంపరా," అన్నాడు తాతయ్య.