తుపానునకు ముందు వ్రాసికొన్న పద్దు

మా బీరువాలో ఒక నల్లఅట్ట పుస్తకము కలదు. చాకలి పద్దు వ్రాసికొనుటకై కొన్నదే గాని, ఆ పద్దు మొదటి నాలుగు పుటలతోనే ఆగిపోయినది. తరువాతి పుటలు మా యింటి సామానుల జాబితా.

2014 అక్టోబరు 12వ తేదీన హుద్‌హుద్ తుపాను విశాఖపట్టణమువద్దనే తీరము దాటెను. గాలి వేగము గంటకు 170 కిలోమీటర్లకు తక్కువ లేదు. బ్యాంకు ఋణముతో కట్టుకొన్న చిన్న యిల్లు మాది. మేడమీది రేకుల గదిలో మా ఆడపడుచు రెండు కుట్టుమిషన్లు పెట్టుకొని, రవికలు కుట్టి, తన యిద్దరు బిడ్డలను పోషించుకొనుచుండెను. మధ్యాహ్నమునకు ఆ గది కప్పే లేదు. మిషన్లమీద గోడ కూలెను.

"ఇంటికి బీమా యున్నది గదా" అని మావారు ధైర్యముగానే యుండిరి. ఋణ మిచ్చునపుడే బ్యాంకువారు పాలసీ కట్టించిరి. ఆ కాగితమును మేము మొదటిసారి చదివినది కరెంటు లేని ఆ రాత్రి, క్రొవ్వొత్తి వెలుగున. బీమా కట్టడమునకే గాని లోని సామానులకు లేదు. అదియు ఋణమంత మొత్తమునకే. ఇల్లు తిరిగి కట్టుటకగు ఖర్చులో అది సగము. సగమునకే బీమా చేసినచో నష్టములోను సగమే యిత్తురట!

సర్వేయరుగారు మర్యాదస్థులే. "రేకులు ఎప్పుడు వేయించితిరి? ఈ గోడ పగులు పాతదా, క్రొత్తదా?" అని మావారి నడిగిరి. మావారు మా మొగము చూచిరి. రేకులు మార్చిన నెల, తాపీమేస్త్రీ పేరు, ఇచ్చిన సొమ్ము, అన్నియు మాకు నోటనున్నవి. కాని బిల్లు లేదు, ఫోటో లేదు. అంతకన్న పెద్ద తప్పు మాదే. ఇల్లు శుభ్రముగా నుండవలెనను పట్టుదలతో విరిగిన రేకులను, తడిసిన పరుపులను వారు రాకమునుపే బండివానికి ఇచ్చివేసితిమి.

వచ్చిన సొమ్ము రేకులకైనను చాలలేదు. "పోనీలే వదినా, చేతులున్నవి గదా" అని మా ఆడపడుచు ఒక దర్జీ దుకాణమున కూలికి కుదిరెను. తిరిగి ఒక మిషను కొనుటకు ఆమెకు పదునాలుగు నెలలు పట్టెను. ఆమె మమ్ము ఒక్కమాట అనలేదు, అనినను బాగుండెడిదేమో. కంపెనీవారి నిర్ణయము న్యాయముగా తోచనిచో, మొదట వారికే ఫిర్యాదు వ్రాసి, పిమ్మట హైదరాబాదులోని బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయమును రుసుము లేకయే ఆశ్రయింపవచ్చునని అప్పుడు మాకు తెలియదు.

2021 ఏప్రిల్ 1 నుండి 'భారత్ గృహ రక్ష' అను పాలసీ వచ్చినది. తుపాను, వరద రెండును అందు చేరును. మొత్తము తక్కువ వ్రాయించితిమని పరిహారమును కోయు పాత పద్ధతి ఇందు లేదు. కట్టడమునకు బీమా చేసినచో, ఆ మొత్తములో 20 శాతము వరకు, 10 లక్షల రూపాయలు మించకుండ, ఇంటి సామానులకును రక్షణ కలదు. నగలకు మాత్రము వేరుగా వ్రాయించుకొనవలెను. జీవనోపాధి మిషన్లు ఇంటి సామానులుగా చెల్లవని అడిగి తెలిసికొని, ఆడపడుచుచేత చిన్న వ్యాపారములకై యున్న 'భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్ష' తీయించితిమి.

ఇప్పుడు ప్రతి దసరాకు బూజు దులిపిన వెంటనే వీథిగుమ్మము మొదలు మేడ వరకు ఫోనులో వీడియో తీయుదుము. బీరువా తలుపులు తెరచి, కిటికీ చట్రములు, కప్పు, గోడమూలలు, ఏవియు విడువము. పుస్తకమున వస్తువు పేరు, కొన్న యేడు, ధర, మిషను నంబరు వ్రాయుదుము. దుకాణములవారిచ్చు నున్నని బిల్లులపై అక్షరములు ఏడాదికే వెలిసిపోవును గనుక వానికిని ఫోటో తీయుదుము. ఒక ప్రతి హైదరాబాదులోని మా తమ్మునికి పంపుదుము. సముద్రపు గాలి అక్కడిదాక పోదు. ఇక తుపాను వచ్చినచో, కంపెనీకి వెంటనే తెలిపి, ఫోటోలు తీసి, వాన లోనికి రాకుండ టార్పాలిను కప్పి, దాని బిల్లును దాచుదుము. సర్వేయరు చూచువరకు విరిగిన పెంకైనను గుమ్మము దాటనీయము.

"ఇల్లు పోవునని ముందే ఫోటోలా? అపశకునము!" అని మా అత్తగారు ఏటేట కసరుచునే యుందురు. మొన్న దసరాకు మాత్రము వారే తమ పుట్టింటి ఇత్తడి గంగాళమును తోమించి, ఫోను ఎదుట పెట్టించి, "దీనిని వ్రాసితివా, అమ్మాయీ?" అని అడిగిరి. వ్రాసితిమి. ధర గడి ఇంకను ఖాళీగనే యున్నది.