కదలని పాదముల ఆట

దక్షిణ ఫ్రాన్సున, మార్సెయిల్ నగరమునకు తూర్పుగా, మధ్యధరా సముద్రపుటొడ్డున లా సియోటా యను చిన్న రేవుపట్టణము కలదు. ఓడల నిర్మాణమునకు చిరకాలము పేరుపొందిన యూరిది. లూమియేర్ సోదరులు తమ తొలి చలనచిత్రములలో కొన్నింటిని తీసినదియు నిచ్చటనే. కాని మన సోదరీమణులు తెలిసికొనదగిన విశేషము మఱియొకటి కలదు. నేడు దేశదేశముల నాడుచున్న 'పెతాంక్' అను గుండ్లాటకు పుట్టినిల్లు ఈ యూరే.

అంతకుముందు ఆ ప్రాంతమువా రాడుచుండిన గుండ్లాటలో లక్ష్యము 15 మొదలు 21 మీటర్ల దూరమున నుండెడిది. ఎదిరిగుండును కొట్టవలెనన్న మూడడుగులు పరుగిడి విసరవలసియుండెను. జూల్ యూగ్ అను నాతడు అం దారితేరినవాడు. కీళ్లవాతము సోకి, పరుగు సాగక, ఆతడు ఒకప్రక్క కూర్చుండి చూచువాడయ్యెను. 1910 ప్రాంతమున, ఆటస్థలమును నడుపుచుండిన ఎర్నెస్ట్ పితియో ఆతనికొఱకు నియమమునే మార్చెను. దూరము తగ్గెను; పరుగు మానెను; నిలిచినచోటనుండియే విసరుట యేర్పడెను. ప్రొవాన్సు భాషలో 'నాటుకొన్న పాదములు' అను నర్థమిచ్చు మాటలనుండియే ఆటకు పేరు వచ్చినది.

నేలపై చిన్నవలయము గీచి, అందు రెండు పాదములు నుంచి, మొదట 'కొషొనే' యను చిన్న కొయ్యబంతిని 6 మొదలు 10 మీటర్ల దూరమున వేయుదురు. ఆ మాటకు పందిపిల్ల యని యర్థము! పిమ్మట 650 మొదలు 800 గ్రాముల బరువుగల ఉక్కుగుండ్లను దానికి చేరువగా వేయవలెను. అరచేయి క్రిందివైపునకుండునట్లు గుండును పట్టి, చేతిని వెనుకకూపి వదలుదురు. నేలబారుగ దొర్లించుట యొక పద్ధతి. సగము దూరము గాలిలో, సగము నేలపై నడిపించుట యింకొకటి. మిక్కిలి యెత్తుగ నెగురవేసి, పడినచోటనే యాగునట్లు చేయుట మూడవది. గుండును చేరవేయువానిని 'పుఆంతర్' అనియు, ఎదిరిగుండును కొట్టి తొలగించువానిని 'తిరర్' అనియు పిలుతురు. కొట్టినగుండు ఎదిరిదానిని తరిమి దాని చోటనే నిలిచినచో అది 'కారో'. చూచువారు చప్పట్లు చఱతురు.

లెక్క సులభము. ఎవరి గుండు లక్ష్యమునకు దూరమో వారే, దగ్గఱ చేరువఱకు, వేయుచుండవలెను. గుండ్లన్నియు ముగిసిన పిమ్మట కొలత. మన గుండ్లు రెండు జానెడు దూరములోనే యుండి, ఎదిరివారి మేటిగుండు మూరెడు దూరమున నున్నచో మనకు 2 పాయింట్లు, వారికి శూన్యము. ముందుగా 13 చేరినవారిదే గెలుపు.

ఫ్రెంచివారి పాలనలో పుదుచ్చేరికి వచ్చిన యీ యాటను అచ్చట నేటికిని ఆడుచున్నారు. బలముకంటె గుఱి ముఖ్యమగుటచే అవ్వయు మనుమరాలును ఒకే పక్షమున నిలువవచ్చును. మోకాళ్లనొప్పిచే అరుగుమీద కూర్చుండి పిల్లల యాట చూచువారు మన యిండ్లలోను కలరు. పెరటిలో నొక వలయము గీచి, మొదటి గుండు వారి చేతికే యిండు.